చేతుల్లేని చెక్కబొమ్మ: జపాన్ కొకెషి ముఖం ఏ ఇంటి సొత్తు?

క్లుప్తంగా: కొకెషి అంటే ఉత్తర జపాన్‌లోని తోహోకు ప్రాంతంలో లేత్ (చెక్కని గిరగిరా తిప్పే పనిముట్టు) మీద చేసే చెక్కబొమ్మ, గుండ్రటి తల, కోలగా ఒళ్లు, కాళ్లూ చేతులూ ఉండవు. చనిపోయిన పిల్లల గుర్తుగా పుట్టిందని తిరుగుతున్న కథకి పాత ఆధారమేదీ లేదు, అది పిల్లలు ఆడుకోడానికి చేసిన బొమ్మ. దాని ఆకారం లేత్ నుంచి వచ్చింది, ముఖం మాత్రం కుటుంబం నుంచి వచ్చింది. అందుకే ఇవాళ దానికి అసలు కరువు కొనేవాళ్లది కాదు, నేర్చుకుని అక్కడే నిలబడే మనిషిది.

ఒకే పేరు, మూడు రకాల సరుకు

జపాన్ చెక్కబొమ్మ అని ఆన్‌లైన్‌లో వెతికితే వచ్చే ఫొటోల్లో కనీసం మూడు వేరువేరు వస్తువులు ఒకే పేరుతో కనిపిస్తాయి, గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఒకటి సంప్రదాయ కొకెషి, తోహోకులోని ఆరు జిల్లాల్లాంటి ప్రాంతాల్లో (అఒమొరి, ఇవాతె, అకితా, మియాగి, యమగాతా, ఫుకుషిమా) వేడినీటి బుగ్గలున్న ఊళ్లలో తరాలుగా చేస్తున్నది. రెండోది రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన క్రియేటివ్ కొకెషి, ఇది ఎక్కువగా తోక్యోకి దగ్గర్లోని గున్మాలో తయారవుతుంది, చేసే ఆర్టిస్ట్ ఊహే దానికి రూల్, జుట్టు చెక్కొచ్చు, కిమోనో గీయొచ్చు, ఏ ఊరి పద్ధతీ పాటించక్కర్లేదు. మూడోది ఎక్కడైనా దొరికే సావనీర్ బొమ్మ, గుండ్రటి తల ఉంటే చాలు దానికి కొకెషి అని పేరు పెట్టేస్తారు.

ఈ మూడింటికీ రష్యా మాత్ర్యోష్కా కూడా వచ్చి కలుస్తుంది. ఒకదాంట్లో ఒకటి పట్టే ఆ బొమ్మ 1890లలో మాస్కో దగ్గర పుట్టింది, దానికి జపాన్ నుంచి వచ్చిన ఒక బొమ్మ స్ఫూర్తి అని చాలామంది చెప్తారు, కానీ అలా చెప్పేటప్పుడు చూపించే బొమ్మ కొకెషి కాదు, తోక్యోకి పడమరనున్న హకోనె వైపు చేసే దేవుళ్ల బొమ్మలు, ఒకదాంట్లో ఒకటి పట్టేవి. కొకెషి లోపల ఖాళీ ఉండదు, తెరుచుకోదు. ఇక్కడినుంచి మాట్లాడేది మొదటి రకం గురించే.

చేతులు ఎందుకు లేవు

చేతులూ కాళ్లూ లేకపోవడానికి లోతైన తాత్విక కారణాలు చాలామంది వెతుకుతారు. అసలు కారణం పనిముట్టులో ఉంది. లేత్ అంటే చెక్కని గిరగిరా తిప్పి ఉలి ఆనించేది, దాని మీద వచ్చేది గుండ్రటి వస్తువే, గిన్నె, పళ్లెం, బొంగరం, బొమ్మ తల. చెయ్యి కావాలంటే వేరే చెక్కి అతికించాలి. కొండపల్లి బొమ్మతో పోలిస్తే ఇది వెంటనే అర్థమవుతుంది, అక్కడ తెల్లపొణికి చెక్కని ఉలితో చెక్కి, చేతులూ తలపాగా బిందె అన్నీ విడివిడిగా చేసి మక్కుతో అతికిస్తారు కాబట్టి కొండపల్లి బొమ్మ పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, కల్లు గీస్తుంది, నీళ్లు మోస్తుంది. కొకెషి ఏమీ చెయ్యదు, ఊరికే చూస్తుంది. మన దగ్గర దానికి దగ్గరి చుట్టం ఏటికొప్పాక బొమ్మ, అదీ లేత్ మీద పుట్టిందే.

అయితే ఏటికొప్పాకకీ దీనికీ రంగు వేసే దగ్గర పెద్ద తేడా ఉంది. ఏటికొప్పాకలో తిరుగుతున్న అంకుడు చెక్కకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పూతలా పట్టుకుంటుంది, బొమ్మంతా మెరుస్తుంది. కొకెషికి లక్క లేదు. చెక్క తెల్లగానే ఉంటుంది, దాని మీద కుంచెతో నీళ్ల రంగులు, నల్ల సిరా. ఒంటి మీద అడ్డ చారలు మాత్రం చెక్క లేత్ మీద తిరుగుతుండగానే కుంచె ఆనించి వేస్తారు, పువ్వులూ కళ్లూ ముక్కూ చెక్క ఆగాక చేత్తో గీస్తారు. చివర్లో మైనం రుద్దుతారు. అంటే తప్పు గీత పడితే కప్పెయ్యడానికి పైన ఇంకో పూత లేదు, వట్టి చెక్కలోకి సిరా దిగిపోతుంది.

ఎక్కువగా వాడే చెక్క మిజుకి అనే చెట్టుది, ఆ పేరులోనే నీళ్లున్నాయి, వసంతంలో కొమ్మ విరిస్తే నీరు కారుతుంది. అందుకే చెట్టులో నీరు తగ్గే శరదృతువు చివర్నుంచి చలికాలంలో కొట్టి, బెరడు తీసి, నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది పైనే గాలికి ఆరబెడతారు. తొందరపడితే బొమ్మ పూర్తయ్యాక నెర్రె విచ్చుతుంది. మేపుల్, చెర్రీ చెక్క కూడా వాడతారు కానీ మిజుకి తెల్లదనం మీద ఎరుపు నిలిచినట్టు వేరే దేని మీదా నిలవదు. నునుపు చెయ్యడానికి ఇసుక కాగితంతో పాటు తోకుసా అనే గరుకు కాడల మొక్కని ఎండబెట్టి వాడే అలవాటు కూడా ఉంది.

కొండల్లోంచి దిగిన లేత్ పనివాళ్లు

ఈ బొమ్మ చేసినవాళ్లు మొదట బొమ్మలవాళ్లు కారు, కిజిషిలు, అంటే లేత్ మీద గిన్నెలూ పళ్లేలూ తీసేవాళ్లు. చెక్క ఎక్కడ దొరికితే అక్కడికి కొండ నుంచి కొండకి కుటుంబంతో సహా తిరిగే జనం. వాళ్ల కులకథ ప్రకారం 9వ శతాబ్దంలో సింహాసనం దక్కని ప్రిన్స్ కొరెతకా ఇప్పటి షిగా ప్రాంతంలోని ఒగురా లోయకి వెళ్లి, అక్కడివాళ్లకి లేత్ నేర్పాడు. కొరెతకా చరిత్రలో నిజంగా ఉన్న మనిషే, 844లో పుట్టి 897లో పోయాడు, లేత్ కథ మాత్రం ఐతిహ్యం. కానీ ఆ ఐతిహ్యం వాళ్లకి అన్నం పెట్టింది, ఎందుకంటే రాజవంశం అనుమతి ఉందని చూపించే పత్రాలు చేత పట్టుకుని, మేం ఏ కొండలోనైనా చెట్టు కొట్టుకోవచ్చు అని వాదించుకుంటూ వాళ్లు దేశమంతా తిరిగారు.

1590లో గామో ఉజిసాతో అనే ప్రభువుకి ఉత్తరాన ఐజు ప్రాంతం ఇచ్చినప్పుడు ఆయన వెంట సొంత సీమ నుంచి ఈ పనివాళ్లు కూడా వచ్చారని చెప్తారు, తోహోకులో ఈ విద్య పాతుకుపోవడానికి అదొక దారి. అకితాలో కిజియామా అని ఒక చోటుంది, ఆ పేరుకి లేత్ పనివాళ్ల కొండ అని అర్థం, అక్కడి పేరున్న కొకెషి ఇంటిపేరు ఒగురా. ఎక్కడి ఒగురా లోయ, ఎక్కడి అకితా. వందల ఏళ్ల ప్రయాణం ఒక ఇంటిపేరులో మిగిలిపోయింది.

మెయిజి కాలంలో, 1870లలో, భూమి హక్కులూ పన్నులూ మారి కొండలు ప్రభుత్వానివో ప్రైవేటువో అయిపోయాక పాత పత్రాలకి విలువ పోయింది. తిరుగుడు ఆగింది, ఉన్నచోటే బతకాలి. అప్పటికే వేడినీటి బుగ్గల పక్కన స్థిరపడి బొమ్మలూ బొంగరాలూ అమ్ముకుంటున్న వాళ్లు ఉన్నారు కాబట్టి ఆ దారి అందరికీ కనిపించింది.

వేడినీళ్ల ఊళ్లు, ఎర్ర రంగు

కొకెషి పుట్టింది జపాన్ చరిత్రలో ఎదొ అనే కాలం చివర్లో, 1800ల మొదటి కొన్ని దశాబ్దాల్లో. కారణం రైతులు. నాట్లయ్యాకో కోతలయ్యాకో తోహోకు రైతులు వారం పది రోజులు, కొందరు ఇంకా ఎక్కువ, వేడినీటి బుగ్గల దగ్గర దిగి బియ్యం పప్పూ తామే తెచ్చుకుని వండుకుంటూ ఒళ్లు నొప్పులు తీర్చుకునేవాళ్లు, దీన్ని తోజి అంటారు. తిరిగెళ్లేటప్పుడు పిల్లలకి ఏదో ఒకటి పట్టుకెళ్లాలి. చౌకగా ఉండాలి, మోయడానికి తేలికగా ఉండాలి. లేత్ మీద మిగిలిన చెక్కముక్క సరిగ్గా అదే.

ఎరుపు ఊరికే రాలేదు. ఎర్ర రంగు బొమ్మ మశూచిని దూరం పెడుతుందని అప్పటి జపాన్‌లో నమ్మకం, పిల్లల ఎర్ర బొమ్మలకి ప్రత్యేకంగా గిరాకీ ఉండేది. ఆడపిల్లలు కొకెషిని చంటిపాపలా వీపుకి కట్టుకునేవాళ్లు, సకునామి అనే ఊరి కొకెషికి ఒళ్లు మరీ సన్నగా ఉండటానికి పిల్ల పిడికిట్లో పట్టడమే కారణం అంటారు. ఇవాతె చుట్టుపక్కల నంబు వైపు బొమ్మకి మూలం కినకినా అనే పసిపిల్లలు నోట్లో పెట్టుకునే చెక్క వస్తువు, అందుకే దానికి రంగు ఉండదు, తల మాత్రం లూజుగా అటూ ఇటూ ఊగుతుంది. ఇలా నోట్లో పెట్టుకుని, నేలకేసి కొట్టి, వాన్లో వదిలేసి ఆడుకున్న వస్తువు కాబట్టే మొదటి కాలపు కొకెషిలు దాదాపు మిగల్లేదు. అరిగిపోయేదాకా ఆడుకున్నారు.

"పిల్లని చెరిపెయ్యడం" అన్న కథ

ఎక్కువమంది అడిగేది దీని గురించే. కో అంటే పిల్ల, కెషి అంటే చెరపడం, కాబట్టి కరువుల్లో చంపుకున్న పసిపిల్లల జ్ఞాపకార్థం చేసిన బొమ్మ అని. తోహోకులో కరువులు నిజం, పసిపిల్లల్ని చంపుకోవాల్సి రావడం కూడా చరిత్రలో నమోదైన విషాదమే. కానీ ఆ విషాదాన్ని ఈ బొమ్మతో ముడిపెట్టే వాదన పుట్టింది 1960లలో, అంతకుముందు రాతల్లో కనిపించదు.

దీనికంటే బలమైన ఎదురు వాదన ఒకటుంది, అసలు ఆ పేరే అన్ని చోట్లా లేదు. ఒక ఊళ్లో దెకో, ఇంకో ఊళ్లో కిబొక్కో, ఇంకోచోట ఒబొక్కో, ఇలా ఒక్కో లోయలో ఒక్కో పేరు, వాటిల్లో చాలావాటికి చెక్క పాప, చంటిపాప అనే అర్థం. అన్నిటికీ కలిపి కొకెషి అని, అదీ అర్థం చూపించే చైనా లిపిలో కాకుండా ఊరికే ఉచ్చారణ రాసే హిరగానాలో రాయాలని 1940లో మియాగిలోని నరుకోలో జరిగిన సమావేశంలో ఈ బొమ్మల్ని సేకరించే కలెక్టర్లూ పనివాళ్లూ అనుకున్నారు. పేరు పక్కాగా స్థిరపడిందే 1940లో అయితే, దాన్ని రెండు ముక్కలు చేసి 200 ఏళ్ల కిందటి అర్థం లాగడం కుదరదు. కెషి అంటే గసగసాలు కూడా, ఆ పదంతో చిన్న బొమ్మల్నీ, పిలకలు వదిలి గుండు చేసిన పిల్లల తలల్నీ పిలిచేవాళ్లు, పేరు అటునుంచి వచ్చి ఉండొచ్చన్నది పరిశోధకుల్లో ఎక్కువ వినిపించే మాట. ఇప్పటికీ ఈ పని చేస్తున్న ఇళ్లకి ఆ చావు కథ ఒక గాయం, పిల్లల సంతోషం కోసం తాతలు చేసినదాన్ని సమాధి రాయి అంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

ముఖం ఎవరిది

కొకెషిని మిగతా హస్తకళల నుంచి వేరు చేసేది ఈ ప్రశ్నే. సంప్రదాయ కొకెషి చేసేవాడు తనకి నచ్చిన ముఖం గీయడు. అతని గురువు ఏ ముఖం గీశాడో, ఆ గురువుకి తండ్రి ఏది నేర్పాడో, అదే గీస్తాడు. ఫలానా తాత మోడల్ అని పేరు పెట్టి చేస్తారు, దాన్ని చేసే హక్కు ఆ ఇంటి వారసుడికో ఆ ఇంట్లో శిష్యరికం చేసినవాళ్లకో ఉంటుంది, బయటివాళ్లు చెయ్యాలనుకుంటే ఆ ఇంటివాళ్లని అడగడం మర్యాద. చట్టంలో కాపీరైట్ లాంటిది కాదిది, చిన్న లోయల్లో ఒకళ్లనొకళ్లు ఎరిగిన మనుషుల మధ్య నడిచే కట్టుబాటు.

ఆ తేడాలు ఎంత సూక్ష్మంగా ఉంటాయంటే ముక్కుకే వేరువేరు పేర్లున్నాయి, గుండ్రటి ముక్కు, పిల్లి ముక్కు, కిందికి వాలిన ముక్కు. కంటి రెప్ప ఒక గీతా రెండు గీతలా అన్నది కూడా లెక్కే. ఊరి స్థాయిలో అయితే దూరం నుంచే చెప్పెయ్యొచ్చు. త్సుచియు బొమ్మ నడినెత్తిన నల్లటి చుట్టు ఉంటుంది, పాము కన్ను అంటారు, ఒంటినిండా అడ్డ చారలు. తోగత్తా బొమ్మకి పెద్ద తల, నెత్తి మీంచి నలువైపులా పరుచుకున్న ఎర్రటి రేకులు, సన్నటి కళ్లు. యాజిరోది నెత్తిన రంగురంగుల వలయాలు, టోపీ పెట్టినట్టు. కిజియామాది తలా ఒళ్లూ ఒకే చెక్క, ముందు పూలున్న ఏప్రన్. త్సుగారు వైపు మిగతావాటికంటే ఆలస్యంగా మొదలైంది, ఒంటి మీద దరుమా (జపాన్‌లో శుభమని నమ్మే గుండ్రటి బొమ్మ) ముఖం గీసినవి అక్కడివే.

నరుకో బొమ్మ తల తిప్పితే కీచుమంటుంది. ఇది చెయ్యడం చూడాల్సిన పని. ఒంట్లో చిన్న గుంట తీసి, తలకి కింద ఆ గుంట కన్నా కొంచెం లావుగా ఒక మెడ ఉంచి, ఒళ్లు లేత్ మీద జోరుగా తిరుగుతుండగా తలని చేత్తో పట్టి గట్టిగా లోపలికి నొక్కుతారు. రాపిడికి చెక్క వేడెక్కి మెడ లోపలికి జారుతుంది, చల్లబడ్డాక ఇంక ఊడదు, తిరుగుతుంది మాత్రం, కీచుమంటుంది. జిగురు లేదు, మేకు లేదు. ఏటికొప్పాకలో అదే రాపిడి వేడి లక్కని కరిగిస్తే ఇక్కడ తలని ఒంట్లో కూర్చోబెడుతుంది.

మరి ఇది కుటుంబం దగ్గరే ఎందుకు ఉండిపోయింది అంటే జవాబు మళ్లీ లేత్‌లోనే ఉంది. పాత లేత్‌కి ఇద్దరు కావాలి, ఒకళ్లు ఉలి పట్టుకుంటే ఇంకొకళ్లు ఇరుసుకి చుట్టిన తాడుని అటూ ఇటూ లాగుతూ తిప్పాలి. ఆ తాడు లాగేది ఎవరు, భార్యో కొడుకో. చిన్నప్పట్నుంచీ తాడు లాగిన పిల్లాడికి ఉలి ఎప్పుడు ఆనాలో ఎప్పుడు లేవాలో ఎవరూ చెప్పక్కర్లేకుండా ఒంట్లోకి వచ్చేస్తుంది. యాజిరోలో మగవాళ్లు లేత్ దగ్గరుంటే ఆడవాళ్లు సరుకు మోసుకుని కమసకి బుగ్గ దగ్గరికి నడిచి వెళ్లి అమ్మేవాళ్లు. ఇల్లంతా కలిస్తేనే ఒక బొమ్మ.

1880ల మధ్యలో ఒక్కడే కాలితో తొక్కుకునే లేత్ తోగత్తా పక్కనున్న అఒనె బుగ్గ దగ్గరికి చేరింది, దాన్ని నేర్చుకోడానికి వేరే ఊళ్ల కుర్రాళ్లు కూడా వచ్చారు. తాడు లాగే మనిషి అవసరం తప్పింది. ఇప్పుడు కరెంటు మోటారే. అయినా ఒక పని మాత్రం ఇంకా బయటికి పోలేదు, ఉలి. కన్నా అనే ఆ కొక్కెంలాంటి ఉలుల్ని పనివాడే సొంత కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి, తన చేతివాటానికి తగ్గట్టు చేసుకుంటాడు. అంటే కొకెషి నేర్చుకోడమంటే చెక్క ఎంచడం, కమ్మరం, లేత్, కుంచె, ఈ నాలుగూ నేర్చుకోడం. దీన్ని ఆర్నెల్ల కోర్సులో పెట్టడం కష్టం.

పిల్లల చేతుల్లోంచి అల్మారాల్లోకి

1910లూ 20లూ వచ్చేసరికి సెల్యులాయిడ్, రేకు బొమ్మలు దిగాయి, పిల్లలు కొకెషిని వదిలేశారు. అక్కడితో ఇది అంతరించి ఉండాలి. ఆపింది పెద్దవాళ్లు. నగరాల్లో కొంతమంది వీటిని సేకరించడం మొదలుపెట్టి, కొండ ఊళ్లకి వెళ్లి, పని మానేసిన ముసలివాళ్లని బతిమాలి మళ్లీ చేయించారు, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో వంశవృక్షాలు రాశారు. ఇవాళ పుస్తకాల్లో కనిపించే 11 సంప్రదాయాల విభజన ఆ సేకరణ ఉత్సాహంలోంచి వచ్చిందే, కొందరు 10 అంటారు, కొందరు 12.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది తక్కువగా మాట్లాడతారు. కలెక్టర్ అడిగేది పాత ముఖమే. దాంతో అంతకుముందు ఒక తరం నుంచి ఇంకో తరానికి కొంచెం కొంచెం మారుతూ వచ్చిన ముఖం ఒక తేదీ దగ్గర ఆగిపోయింది. సంప్రదాయం అని ఇప్పుడు అంటున్నదాంట్లో పాతకాలం ఎంతో, 1930ల కలెక్టర్ల అభిరుచి కూడా అంతే ఉంది. ఇది లోపం అనడానికి లేదు, అది లేకపోతే బొమ్మే లేదు.

యుద్ధం తర్వాత 1960, 70లలో జీతాలు పెరిగి, దేశంలో టూరిజం పెరిగి రెండో ఊపు వచ్చింది. మియాగిలోని షిరొఇషిలో 1959 నుంచి ఏటా దేశస్థాయి పోటీ జరుగుతోంది. 1974లో సంప్రదాయ హస్తకళల చట్టం వచ్చింది, 1981లో మియాగి కొకెషికి ఆ గుర్తింపు దక్కింది. 2010 చుట్టుపక్కల మూడో ఊపు, ఈసారి నగరాల్లోని యువతులు, వాళ్లకి ఒక ముద్దుపేరు కూడా వచ్చింది, కొకెజో అని. 2011 భూకంపం, సునామీ తర్వాత తోహోకు కోసం ఏదైనా చెయ్యాలనుకున్నవాళ్లు కూడా ఈ బొమ్మల వైపు చూశారు. నింటెండో గేముల్లో గుండ్రటి తలలుండే 'మీ' (Mii) అనే బొమ్మలకి కొకెషి ఒక ప్రేరణ అని వాటి వెనకున్న మియమొతో చెప్పడంతో పేరు ఇంకా దూరం పోయింది.

ఇప్పుడు కరువు దేనికి

గిరాకీ ఉంటే కళ బతుకుతుందనే మాట ఇక్కడ సగమే నిజం. పేరున్న పనివాళ్ల బొమ్మ కోసం జనం ఎదురుచూడాల్సి రావడం ఉంది, కానీ ఆ డిమాండ్ కొత్త మనిషిని తయారుచెయ్యదు. చెక్క ఆరడానికే ఏడాది, చెయ్యి తిరగడానికి చాలా ఏళ్లు, ఊపు అంతకాలం ఉంటుందని గ్యారంటీ లేదు. కుర్రాడు శిష్యరికం పూర్తిచేసేసరికి ఫ్యాషన్ మారిపోయి ఉండొచ్చు, ఆ లెక్క వేసుకునే చాలా ఇళ్లలో తండ్రులే పిల్లల్ని వేరే ఉద్యోగాలకి పంపారు.

దీనికి తోడు పాత సరుకు పోటీ. 1970లలో కొన్న కలెక్టర్లు ఇప్పుడు ముసలివాళ్లయి పోతున్నారు, వాళ్ల అల్మారాలు ఖాళీ అయి ఆ బొమ్మలన్నీ సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కి వస్తున్నాయి. చచ్చిపోయిన గురువు బొమ్మ బతికున్న శిష్యుడి బొమ్మ కన్నా చౌకగా దొరికితే శిష్యుడు ధర ఎలా పెంచుతాడు? ఆన్‌లైన్‌లో పాతది కొంటే కళని కాపాడినట్టే అనుకునేవాళ్లు ఇది గమనించాలి, ఆ డబ్బు లేత్ దగ్గరికి చేరదు.

ఊళ్లు ముసలివవుతున్నాయి కూడా. జపాన్‌లో 65 దాటినవాళ్ల శాతం అన్ని ప్రాంతాల్లోకీ ఎక్కువున్నది అకితాలోనే, ఒగురాల కిజియామా ఉన్న ప్రాంతం అదే. మనుషులు తగ్గితే చెట్టు కొట్టేవాళ్లూ తగ్గుతారు, మిజుకి కొండ మీద ఉన్నా కిందికి దిగదు. ఏటికొప్పాకలో అంకుడు చెక్క కోసం పడే ఇబ్బంది ఎరిగినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. 2017లో ఏటికొప్పాకకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, అది పేరుని కాపాడుతుంది, చెక్కని కాదు. జపాన్ గుర్తింపు కూడా అంతే.

ఇంటి కట్టుబాటు కొద్దిగా సడలుతోంది. రక్తసంబంధం లేని కుర్రాళ్లనీ, ఆడపిల్లల్నీ శిష్యులుగా తీసుకుంటున్నారు, కొడుకు లేకపోతే ముఖం ఆగిపోవాలన్న పట్టుదల తగ్గింది. కిజిషిల చరిత్ర చూస్తే ఇది తెగతెంపులేం కాదు, అఒనెలో కాలి లేత్ నేర్చుకోడానికి వేరే లోయల నుంచి వచ్చినవాళ్లు కూడా ఆ ఇళ్ల కొడుకులు కారు, వాళ్ల దగ్గర్నుంచే ఇవాళ కొన్ని పరంపరలు నడుస్తున్నాయి.

కొనాలనుకునేవాళ్లు చెయ్యాల్సింది బొమ్మని తలకిందులు చెయ్యడం. సంప్రదాయ కొకెషి అడుగున చేసినవాళ్ల పేరు సిరాతో ఉంటుంది, పెద్దవాళ్లు కొందరు పేరు పక్కన తమ వయసు కూడా రాస్తారు. అక్కడ 80 దాటిన అంకె కనిపిస్తే, అదే ముఖం ఇంకో చిన్న వయసు పేరుతో ఎక్కడైనా వస్తోందా అని దుకాణంలో అడగొచ్చు. నరుకోలోనో తోగత్తాలోనో అయితే ఆ అడిగిన మాట సాయంత్రానికల్లా లేత్ దగ్గరికి చేరిపోతుంది.